హెచ్చు, పెచ్చు, జాస్తి: సరిహద్దు బడిలో ఒక మాట చరిత్ర



ఈ వ్యాసం వ్రాయడానికి కారణం నేను చేసిన ఒక పొరపాటు. ముందుగా దానినే చెప్పుకోవడం న్యాయం.

చాలా ఏళ్ళ క్రితం, సరిహద్దు పల్లెలోని ఒక తెలుగు మాధ్యమ పాఠశాలలో, అయిదవ తరగతి పిల్లలను "మా ఇంటి పంట" అనే అంశం మీద సొంతంగా నాలుగైదు వాక్యాలు వ్రాయమన్నాను. ఒక అమ్మాయి ఇలా వ్రాసింది: "ఈ ఏడు మా నాయన మిరప హెచ్చు వేసినాడు. పంట జాస్తి వచ్చింది. ఊర్లో అందరికీ జాస్తి వచ్చింది. అందుకని ధర కడిమె అయింది. మాకు అప్పు హెచ్చింది."

నేను ఎర్రసిరా కలం తీసుకుని హెచ్చు, జాస్తి, కడిమె అన్న చోటల్లా గీతలు గీశాను. వాటిపైన "ఎక్కువ, అధికంగా, తక్కువ" అని వ్రాశాను. చివర "కన్నడ మాటలు కలపరాదు" అని ఒక హితవు కూడా జోడించి, పదికి నాలుగు మార్కులు వేశాను. పంట ఎక్కువైతే ఇంటికి కష్టం ఎందుకు వచ్చిందో పదేళ్ళ పిల్ల అయిదు చిన్న వాక్యాలలో తేటగా చెప్పిందన్న సంగతి నాకు ఆనాడు తట్టనేలేదు.

తరువాతి వ్యాసంలో ఆ అమ్మాయి "మా ఊరిలో పంటలు బాగుగా పండును. రైతు దేశమునకు వెన్నెముక" అని వ్రాసింది. తప్పులు లేవు. ఎనిమిది మార్కులు వేశాను. అందులో వాళ్ళ నాయన లేడు, మిరప లేదు, అప్పు లేదు.

కొన్నాళ్ళకు ఆమె తండ్రి సంతలో కనబడి నవ్వుతూ అన్నాడు: "సారూ, మా పాప ఇంట్లో వాళ్ళవ్వను దిద్దుతా ఉంది. అవ్వ 'పులుసులో ఉప్పు హెచ్చయింది' అంటే, 'అవ్వా, అది తెలుగు కాదంట, ఎక్కువైంది అనల్ల' అంటుంది. ముసలామె, 'అయితే ఇన్నాళ్ళూ నాకు తెలుగు రానట్లే' అనింది."

ఆయన నవ్వినా నేను నవ్వలేకపోయాను. ఆ ముసలమ్మ డెబ్బై ఏళ్ళుగా తెలుగులోనే బిడ్డలను పెంచింది, తెలుగులోనే జోలపాడింది. ఆమెకు తెలుగు రాదని తేల్చింది నా ఎర్రసిరా. ఆ తరువాతనే, అసలు ఈ "హెచ్చు" అన్న మాట ఎక్కడిది, ఎప్పటిది అని వెతకడం మొదలుపెట్టాను. తెలుసుకున్నది మీ ముందుంచుతున్నాను.

మోక చుట్టుపక్కల

మోక బళ్లారి తాలూకాలోని ఒక హోబళి కేంద్రం. హగరి అని జనం పిలిచే వేదవతి నది, తుంగభద్ర దిగువ కాలువ, నల్లరేగడి భూములు ఇక్కడి బ్రతుకుకు ఆధారాలు. సరిహద్దు దాటితే ఆలూరు, ఆదోని వైపు పల్లెలు. సంబంధాలు కలుపుకోవడానికి, ఎద్దులు కొనుక్కోవడానికి, జాతరలకు పోవడానికి ఆ సరిహద్దు ఎన్నడూ అడ్డం రాలేదు. కార్యాలయంలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ. ఇది ఇక్కడ ఎవరికీ వింతగా తోచదు.

ఇటువంటి చోట కావలసినదానికంటే మించి ఉండడాన్ని చెప్పడానికి పిల్లల నోట ఎన్ని మాటలో చూడండి: హెచ్చు, జాస్తి, ఎక్కువ, శానా, మస్తు. పాఠ్యపుస్తకంలో వీటికి తోడు అధికం, మిక్కిలి, అతి, మితిమీరిన అనేవి వస్తాయి. వీటిలో "హెచ్చు", "జాస్తి" అన్న రెండింటినే సాధారణంగా ఉపాధ్యాయులు కన్నడపు కలగలుపు అని కొట్టివేస్తారు. ఆ తీర్పు ఎంతవరకు సరియైనదో చరిత్ర చెబుతుంది.

పెచ్చు, హెచ్చు: ఒక తల్లి బిడ్డలు

తెలుగు, కన్నడం ఒకే భాషాకుటుంబానికి చెందినవి. "పెద్దదగు" అన్న అర్థమిచ్చే పాత ధాతువు ఒకటి రెండింటిలోనూ ఉన్నది. దానినుండి తెలుగులో పెద్ద, పెరుగు, పెంచు, పెంపు, పెచ్చు అనే మాటలు వచ్చాయి. పాత కన్నడంలో అదే ధాతువు నుండి "పెర్చు" వచ్చి, "పెచ్చు"గా మారింది. అంటే ఒకప్పుడు ఈ మాట రెండు భాషలలోనూ పకారంతోనే ఉండేది.

తరువాత కన్నడంలో ఒక పెద్ద మార్పు జరిగింది. సుమారు 10వ శతాబ్దం నుండి మాట మొదట ఉన్న పకారం క్రమంగా హకారంగా మారసాగింది. 14వ శతాబ్దం నాటికి ఆ మార్పు బాగా స్థిరపడింది. తెలుగులో ఆ మార్పు రాలేదు. అందుకే మన పాలు వారికి హాలు, మన పులి హులి, పువ్వు హూవు, పాము హావు, పండు హణ్ణు, పంది హంది, పది హత్తు, పల్లె హళ్ళి అయ్యాయి. ఈ జతలను నల్లబల్ల మీద వ్రాసి చూపితే, ప్రక్క ఇంటివారి మాటలు తమ మాటలకు చుట్టాలని పిల్లలు గ్రహించి ఆశ్చర్యపోతారు.

మన జిల్లా చుట్టుపక్కల ఈ మార్పుకు పెద్ద గుర్తు హంపి. తుంగభద్రకు పంప అని పాతపేరు, అక్కడి అమ్మవారు పంపాదేవి. ఆ "పంప"యే "హంపె" అయింది, మనకు హంపి అయింది. "పెర్గడె" అనే పాత అధికార పదవి పేరు కన్నడంలో హెగ్గడె, హెగ్డే అయింది. తెలుగులో అది పకారం విడువక ప్రెగ్గడగా నిలిచింది. మన కవిత్రయంలోని ఎఱ్ఱాప్రెగ్గడ పేరులోని "ప్రెగ్గడ"కు, కన్నడదేశపు హెగ్డేలకు ఉన్న చుట్టరికం ఇదే. ఆ మొదటి భాగమైన "పెర్" అంటే పెద్ద అని.

ఆ దారిలోనే కన్నడపు "పెచ్చు" కూడా "హెచ్చు" అయింది. అచ్చతెలుగు మాటలు హకారంతో మొదలుకావడం చాలా అరుదు. కాబట్టి తెలుగులోని "హెచ్చు" కన్నడం నుండి వచ్చినదేనని భాషావేత్తలు చెప్పడంలో ఆశ్చర్యం లేదు. అంతవరకు నా ఎర్రసిరా తప్పు కాదనిపించవచ్చు. కాని వచ్చిన మాట ఏమి చేసిందో చూడాలి.

వచ్చిన మాటకు దక్కిన స్థానం

రెండు రూపాలూ తెలుగులో మిగిలాయి. ఒకే అర్థానికి రెండు మాటలు ఉన్నప్పుడు భాష సాధారణంగా వాటికి పనులు పంచిపెడుతుంది. ఇక్కడా అదే జరిగింది.

ఇంటి రూపమైన "పెచ్చు" ఈనాడు చెడ్డ అర్థంలోనే వినబడుతుంది. అవినీతి పెచ్చుమీరింది అంటాము, దౌర్జన్యాలు పెచ్చుపెరిగాయి అంటాము. చదువు పెచ్చుపెరిగింది అనము, వానలు పెచ్చుమీరి పంటలు బాగా పండాయి అనము. హద్దు దాటిన చెడుకే ఆ మాట. (గోడ పెచ్చులూడింది అనేటప్పటి పెచ్చు వేరు, అది పొరవంటి ముక్క.)

కన్నడం నుండి వచ్చిన "హెచ్చు"కు మంచీ చెడూ కాని మధ్యస్థ స్థానం దక్కింది. ధరల హెచ్చుతగ్గులు, ఉష్ణోగ్రతలలో హెచ్చుతగ్గులు, జీతం హెచ్చింపు అని పత్రికలు నేటికీ వ్రాస్తున్నాయి. ఈ మాట లేకుండా తెలుగు పత్రికలో ధరల వార్త వ్రాయడమే కష్టం. గుణకారాన్ని మన పెద్దలు "హెచ్చవేత" అన్నారు. మూడును నాలుగుతో హెచ్చించమని అయ్యవార్లు తరతరాలుగా పిల్లలకు చెప్పారు. అంటే మనం బడిలో "ఇది తెలుగు కాదు" అని కొట్టివేస్తున్న మాటతోనే మన బడి లెక్కలు నడిచాయన్నమాట.

మనుషుల విషయంలో మాత్రం ఈ మాట కొంచెం వెక్కిరింపుగా మారుతుంది. "హెచ్చులకు పోయి అప్పులపాలయ్యాడు" అంటాము. కోస్తావారు "ఎచ్చులు" అని కూడా అంటారు. ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్లు చూపడమే హెచ్చులు. కన్నడంలోనూ "హెచ్చుగారికె" అనే మాట గొప్పదనాన్ని, గొప్పలు చెప్పుకోవడాన్ని సూచిస్తుంది. ఉండవలసినదానికి మించి ఉండడం, ఉన్నదానికి మించి చూపడం అనే రెండు భావాలూ రెండు భాషలలోనూ ఒకే మాట చుట్టూ చేరాయి.

ఉపాధ్యాయులు జాగ్రత్త పడవలసిన చోట్లు రెండు ఉన్నాయి. ఒకటి, "హెచ్చరిక" అన్న మాటకు, "హెచ్చు"కు సంబంధం లేదు. కన్నడంలో అది హకారం లేని "ఎచ్చరికె", ఎచ్చరం అంటే మెలకువ. తెలుగులో దానికి హకారం వచ్చి చేరింది. అందుకే మన బడిలో రెండు భాషలూ చదివే పిల్లలు కన్నడంలో హకారం చేర్చి, తెలుగులో తీసివేసి వ్రాస్తుంటారు. రెండు, కన్నడ వంటింట్లో "హెచ్చు" అంటే కూరగాయలు తరగడం కూడా. "ఉల్లిగడ్డలు హెచ్చిపెట్టు" అని పొరుగింటావిడ అంటే ఉల్లిగడ్డలు ఎక్కువ వేయమని కాదు.

రెండు భాషలు ఒక ఇంటివి

కన్నడమూ తెలుగూ ఇలా ఒకదానికొకటి మాటలు ఇచ్చుకోవడం ఏదో పొరపాటున జరిగింది కాదు. కన్నడ ఆదికవి పంపని కుటుంబపు మూలాలు వేంగినాడులో ఉన్నాయి. ఆయన తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో నేటి కరీంనగర్ ప్రాంతపు కుర్క్యాల వద్ద గుట్టపై చెక్కించిన శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. అందులోని తెలుగు కందపద్యాలు మన సాహిత్య చరిత్రకు ఎంతో విలువైనవి. నన్నయకు ముందుకాలపు తెలుగు పద్యాన్ని మనకు అందించినవాడు కన్నడ కవి తమ్ముడు. ఆ తరువాత 1336లో మొదలైన విజయనగర రాజ్యంలో కన్నడ, తెలుగు కవులు ఒకే కొలువులో కూర్చున్నారు. శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529) తెలుగులో ఆముక్తమాల్యద వ్రాశాడు, ఆయన శాసనాలు కన్నడంలోనూ తెలుగులోనూ ఉన్నాయి. "హొన్ను" అనే నాణెం పేరు కూడా ఇలా హకారం తొడుక్కుని తెలుగువారి నోట చేరినదే. దాని పాతరూపం "పొన్ను", అంటే బంగారం.

ఒకే కొలువు, ఒకే సంత, ఇంచుమించు ఒకే లిపి. అటువంటప్పుడు మాట ఆ ఇంటి నుండి ఈ ఇంటికి రావడం సహజం. హెచ్చు అలా వచ్చింది.

జాస్తి వచ్చిన దారి

"జాస్తి" ప్రయాణం ఇంకా దూరపుది. అరబ్బీలో "జియాదత్" అంటే పెరుగుదల, అదనం. పారశీకం ద్వారా అది ఉత్తరాది భాషలకు, దక్కనుకు వచ్చింది. మరాఠీలో జాస్త, జాస్తీ అయింది. కన్నడంలోనూ తెలుగులోనూ జాస్తిగా స్థిరపడింది. కనుక జాస్తి కన్నడ మాట అని కొట్టివేస్తే అది కన్నడానికీ న్యాయం కాదు. వారికీ మనకూ కూడా అది అతిథియే.

మన ప్రాంతానికి ఈ అతిథి రావడానికి కారణాలు వెతుక్కోనక్కరలేదు. విజయనగర పతనం తరువాత ఈ నేల బిజాపూరు సుల్తానులను, మొగలులను, నిజామును, హైదరలీ టిప్పులను చూసింది. ప్రక్కనే ఉన్న సండూరు 1949 వరకు మరాఠా ఘోర్పడేల సంస్థానం. శిస్తులెక్కలు, కచేరీ కాగితాలు పారశీకంలోనూ మరాఠీలోనూ నడిచిన కాలం చాలా ఉంది. జమా, బాకీ, ఖర్చు, కమ్మి, జాస్తి ఇవన్నీ లెక్కల పుస్తకం ద్వారా పల్లెకు దిగిన మాటలే. జమా, బాకీ, ఖర్చు అన్నవాటిని మనం తెలుగు వ్యాసంలో ఎర్రసిరాతో కొట్టము. జాస్తిని మాత్రం కొడతాము. కారణం ఒక్కటే: కోస్తాజిల్లాల వ్రాతభాషలో దానికి అంత వాడుక లేదు. రాయలసీమలో, తెలంగాణలో, మన బళ్లారిలో అది నిత్యవ్యవహారం.

1823లో మన జిల్లా బడులు

బళ్లారి ప్రాంతాన్ని నిజాము 1800లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు. దత్తమండలాలు అన్న పేరు అలా వచ్చిందే. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాలలో బడులు ఎన్ని, చదివేవారెందరు అని కలెక్టర్లను అడిగాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823 ఆగస్టు 17న పంపిన సమాధానం మన విద్యాచరిత్రలో ప్రసిద్ధమైనది. నాటి బళ్లారి జిల్లా నేటికంటే చాలా పెద్దది. అనంతపురం అందులోనే ఉండేది, అది విడిపోయినది 1882లో.

కాంబెల్ లెక్క ప్రకారం జిల్లా జనాభా 9,27,857. బడులు 533, చదివేవారు 6,641 మంది, అందులో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీ బడులు 23, పారశీక బడులు 21, తమిళ బడులు 4, ఇంగ్లీషు బడి 1. ఇవి కాక బ్రాహ్మణులు శాస్త్రాలు చదువుకునే స్థలాలు 23. తెలుగు, కన్నడ బడుల సంఖ్యలు ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించండి. మన పిల్లల మాటలో రెండూ కలవడం ఈనాటి అలక్ష్యం వలన వచ్చింది కాదు. పారశీక, మరాఠీ బడులు కూడా 44 ఉన్న జిల్లాలో "జాస్తి" వినబడకపోతేనే వింత.

ఆ నివేదికలో బడి నడిచే తీరు కూడా ఉన్నది. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దేవారు. ఉదయం అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవాడి చేతిలో సున్న, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆ తరువాత వచ్చినవారికి ఒక్కొక్కటి చొప్పున హెచ్చు. దేశం పేదదవుతున్నదని, విదేశీ నూలుబట్టల రాకతో నేతపనివారి బ్రతుకు దెబ్బతిన్నదని, అందువలన తల్లిదండ్రులు పిల్లలను చదివించలేకపోతున్నారని కూడా కాంబెల్ వ్రాశాడు.

మనకు ముఖ్యమైనది ఇంకొకటి. బడిపుస్తకాలు పద్యాలలో ఉండేవి. ఆ భాష జనం మాట్లాడే భాషకు, వ్యవహారాలు నడిపే భాషకు చాలా దూరం. లిపి ఒకటే కావడంతో పిల్లవాడు చదవగలడు, అర్థం మాత్రం తెలియదు. అర్థం తెలియకుండానే చిలుకవలె వందల పద్యాలు అప్పజెప్పేవారని కాంబెల్ విచారించాడు. రెండు వందల ఏళ్ళు గడిచాయి. "రైతు దేశమునకు వెన్నెముక" అని వ్రాసిన మా తరగతి అమ్మాయికి, ఆ పద్యాలు వల్లించిన పిల్లలకు దూరం ఎంత? ఆ అమ్మాయిని అటువైపు నెట్టినవాడిని నేనే.

ఈ కాంబెల్‌కు తెలుగుతో మరొక సంబంధం ఉన్నది. ఆయన 1816లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో వెలువరించాడు. దానికి ముందుమాటగా చెన్నపట్టణం కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక గమనిక వ్రాశాడు. తెలుగు, కన్నడం, తమిళం ధాతువులను ప్రక్కప్రక్కన పెట్టి, ఇవి సంస్కృతం నుండి పుట్టినవి కావని, ఒకే వేరు కలవని అందులో నిరూపించాడు. కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856లో వచ్చింది. దానికి నలభై ఏళ్ళ ముందే ఆ మాట చెప్పిన పుస్తకం, తరువాత మన బళ్లారికి కలెక్టరుగా వచ్చినవాడిది. తెలుగు కన్నడాల చుట్టరికం మొదట అచ్చయిన చరిత్రలో మన జిల్లా కలెక్టరు పేరు ఉన్నదని మన పిల్లలకు చెప్పదగినది.

సరిహద్దు గీసిన తరువాత

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. ఉమ్మడి బళ్లారి జిల్లా నుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళాయి. వివాదంలో పడిన బళ్లారి తాలూకా, న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రా విచారణ తరువాత మైసూరు రాష్ట్రంలో చేరింది. 1956లో రాజ్యాంగానికి చేసిన ఏడవ సవరణతో 350-ఎ అధికరణం వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు ఉండాలని అది చెబుతుంది. మన తెలుగు బడులకు ఆధారం అదే.

రాజకీయపు గీత గీసినప్పుడు మాటల మీద కూడా ఒక గీత పడింది. ఈ వైపు మిగిలిన తెలుగువారు తమ భాష కరిగిపోతుందేమోనని భయపడ్డారు. ఆ భయంలో న్యాయం లేకపోలేదు. భయపడిన ఉపాధ్యాయుడు శుద్ధతను పట్టుకుంటాడు. పుస్తకంలో లేని ప్రతి మాటా అతనికి పరాయిదిగా కనిపిస్తుంది. నేను కూడా ఆ భయంతో పెరిగినవాడినే. కాని ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, చారిత్రక నాటకాలు వ్రాసిన కోలాచలం శ్రీనివాసరావు ఈ బళ్లారిలో న్యాయవాదులుగా ఉంటూనే తెలుగు నాటకాన్ని నిలబెట్టారు. బళ్లారి రాఘవ (1880–1946) తెలుగులోనూ కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ నటించాడు. కన్నడం వచ్చినందువలన ఆయన తెలుగు తగ్గలేదు.

ఏ మాట ఎక్కడ

ఇక వాడుక సంగతి. హెచ్చును అనుమతించినంత మాత్రాన మిగిలినవి నేర్పనక్కరలేదని కాదు. పైగా ఇప్పుడే నేర్పాలి. ఈ మాటలకు ఒక వరుస ఉన్నది.

అన్నిటికీ అడుగున "చాలు" ఉన్నది. కన్నడంలో దీని తోబుట్టువు "సాలు", సాలదు అంటే చాలదు. మన చకారానికి వారి సకారం: చేరు–సేరు, చావు–సావు వలె. ఈ చాలు నుండే "చాలా" వచ్చింది. చాలినంత అన్న మాట కాలక్రమంలో "ఎంతో" అన్న అర్థానికి ఎదిగింది.

దానిపైన ఎక్కువ, హెచ్చు, జాస్తి, అధికం. పోలిక ఉన్నప్పుడు ఇవి వస్తాయి: నిరుటికంటే ఎక్కువ, కావలసినదానికంటే హెచ్చు.

దానిపైన మిక్కిలి, మిక్కుటం. ఇవి మిగులు, మించు అన్నవాటి కుటుంబం. ఇక్కడ సరిహద్దు పిల్లలకు చిక్కు ఉన్నది. తెలుగులో మిగులు అంటే వాడగా శేషించినది. కన్నడంలో "మిగిలు" అంటే మేలైనది, అధికమైనది. తెలుగులో మించు అంటే దాటు, కన్నడంలో "మించు" అంటే మెరుపు. ఈ తేడాలు చెప్పకపోతే పిల్లవాడు రెండు పరీక్షలలోనూ తప్పు వ్రాస్తాడు.

అన్నిటికంటే పైన అతి, మితిమీరిన, పెచ్చుమీరిన. ఇక్కడ హద్దు దాటినట్లు తీర్పు ఉన్నది. "అతి రహస్యం బట్టబయలు" అన్న సామెతలో "ఎక్కువ" అని పెట్టి చూడండి, పస పోతుంది. అలాగే "మితిమీరిన ఉప్పు" అనము, ఉప్పు ఎక్కువయిందంటే చాలు. "మితిమీరిన" అన్నది నడతకు, కోపానికి, ఖర్చుకు తగిన మాట.

ఈ వరుసను చెప్పిన తరువాత పిల్లవాడు తానే ఎంచుకోగలడు. మా అమ్మాయి వాక్యాలనే తీసుకోండి. "మిరప హెచ్చు వేసినాడు" సరియైన తెలుగు. "పంట జాస్తి వచ్చింది" మన సీమ తెలుగు. "అప్పు హెచ్చింది" అన్నది ఏ గ్రంథంలోనైనా నిలిచే వాక్యం. "ధర కడిమె అయింది" అన్నది మాత్రం కన్నడమే. తెలుగులో ఆ చోట "తక్కువ" లేదా "తగ్గింది" రావాలి. అయిదు వాక్యాలకు నేను దిద్దవలసినది ఒక్క మాట. దానినీ "కలపరాదు" అని కాదు, "కన్నడంలో కడిమె, మన తెలుగులో తక్కువ" అని ప్రక్కన వ్రాసి ఉంటే సరిపోయేది.

తరగతిలో చేయదగినవి

నేను ఆ తరువాత అలవాటు చేసుకున్న మూడు పనులు చెబుతాను. మొదటిది, వ్యాసాన్ని రెండుసార్లు చదవడం. మొదటిసారి చేతిలో కలం పట్టుకోను. పిల్లవాడు ఏమి చెప్పాడో తెలిసిన తరువాతనే ఎలా చెప్పాడో చూస్తాను. రెండవది, ఇంటి మాటల పుస్తకం. అవ్వ, తాత వాడే మాటలను పిల్లలు వ్రాసుకుని వస్తారు. ఒక వరుసలో ఇంటి మాట, రెండవ వరుసలో పుస్తకపు మాట, మూడవ వరుసలో కన్నడ మాట. ఏ వరుసకూ తప్పు అని పేరు లేదు. మూడవది, పరీక్ష సంగతి దాచకపోవడం. ప్రశ్నపత్రం దిద్దేవారు మన ఊరివారు కారు, అక్కడ ఎక్కువ, తక్కువ అనే వ్రాయమని స్పష్టంగా చెబుతాను. ఊరికి పోయేటప్పుడు వేరే చొక్కా వేసుకున్నట్లే అది. ఇంట్లో వేసుకునేది చిరిగినదని కాదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ పిల్లలు బడి నుండి వచ్చి మీ మాటను దిద్దితే, కోపగించుకోకండి, సిగ్గుపడకండి. "బడిలో అలా అంటారు, మనింట్లో ఇలా అంటాము, రెండూ తెలుగే" అని చెప్పండి. పెద్దలు మాటలాడడం తగ్గించుకుంటే పిల్లలకు మిగిలేది పుస్తకం ఒక్కటే. ఒట్టి పుస్తకంతో ఏ భాషా ఏ సరిహద్దులోనూ ఎక్కువకాలం నిలవదు.

ఆ అమ్మాయి పుస్తకం నా దగ్గర లేదు. ఆ అయిదు వాక్యాలు మాత్రం జ్ఞాపకం ఉన్నాయి. మరుసటి ఏడు ఆమె తండ్రి మిరప తక్కువ వేసి, జొన్న వేశాడని తెలిసింది. ఆ సంగతి ఆమె నాకు వ్యాసంలో వ్రాయలేదు, ఆయనే చెప్పాడు. వాళ్ళవ్వను చూడడానికి ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. మజ్జిగ ఇచ్చి, "ఉప్పు హెచ్చయిందేమో చూడు నాయనా" అన్నది. సరిగ్గా ఉన్నదని చెప్పాను.

మీ ప్రాంతపు తెలుగులో "ఎక్కువ"కు మరే మాటలు ఉన్నాయో, వాటిని ఏయే సందర్భాలలో వాడతారో వ్రాసి పెట్టుకోండి, మీ తరగతిలో చెప్పండి. తెలిసిన మాట పోగొట్టుకోకుండా కొత్త మాట నేర్పడమే మన పని అని నా అభిప్రాయం.